సబీన్ గల్

సబీన్ గల్ ఆర్కిటిక్ ప్రాంతంలో సంతానోత్పత్తి చేసే ఒక చిన్న సముద్ర పక్షి. ఇది లారిడే కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం జీమా సబిని. జీమా ప్రజాతిలో ఉన్న ఏకైక జాతి ఇదే. తెలుగువారు సాధారణంగా సీగల్ అని పిలిచే పక్షులనే పక్షిశాస్త్రంలో గల్ అని వ్యవహరిస్తారు. సంతానోత్పత్తి కాలం ముగిసిన తరువాత సబీన్ గల్ ఎక్కువగా నడి సముద్రం మీదనే గడుపుతుంది. అందువలన తీరంలో ఉన్న పరిశీలకులకు ఇది అరుదుగా, అదీ చాలా దూరంలో ఎగురుతూ కనిపిస్తుంది. అటువంటి సందర్భాలలో దీనిని గుర్తించడానికి రెక్కల పైభాగంలోని రంగుల అమరికే ముఖ్య ఆధారం. ఈ అమరిక దగ్గర నుండి చూసినపుడు చాలా స్పష్టంగా ఉంటుంది. అయితే దూరం పెరిగేకొద్దీ ఇతర గల్ పక్షులలో కూడా ఇదే అమరిక ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. పక్షి పరిశీలకులు ఈ పక్షి విషయంలో పొరపడటానికి ఇదే ప్రధాన కారణం.

పేరు, చరిత్ర

1818లో బ్రిటిష్ నౌకాదళం జాన్ రాస్ నాయకత్వంలో వాయవ్య మార్గాన్ని అన్వేషించడానికి ఒక యాత్రను పంపింది. అట్లాంటిక్ మహాసముద్రం నుండి ఉత్తర అమెరికాకు ఉత్తరంగా పసిఫిక్ మహాసముద్రానికి వెళ్ళే దారిని వాయవ్య మార్గం అంటారు. ఈ యాత్రలో శాస్త్రీయ పరిశీలనల బాధ్యతను ఎడ్వర్డ్ సబీన్ (1788-1883) నిర్వహించాడు. డబ్లిన్‌లో జన్మించిన ఈ సైనికాధికారి తరువాతి కాలంలో భూ అయస్కాంతత్వంపై చేసిన పరిశోధనలకు ప్రసిద్ధి చెందాడు. 1861 నుండి 1871 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు.

1818 జూలైలో గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరానికి సమీపంలోని రాతి దీవులపై, ఆర్కిటిక్ టెర్న్ పక్షుల మధ్య గూళ్ళు పెట్టుకున్న ఈ గల్ పక్షులను సబీన్ చూశాడు. ఆయన సేకరించిన నమూనాల ఆధారంగా సోదరుడు జోసెఫ్ సబీన్ 1819లో ఈ జాతిని వర్ణించి, లారస్ సబిని అని పేరు పెట్టాడు. తరువాత దీనికి జీమా అనే ప్రత్యేక ప్రజాతి ఏర్పడింది.

శరీర లక్షణాలు

సబీన్ గల్ పొడవు 27 నుండి 33 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. రెక్కలు చాచినపుడు ఒక కొన నుండి మరొక కొనకు సుమారు 80 నుండి 90 సెంటీమీటర్లు ఉంటుంది. సంతానోత్పత్తి కాలంలో పెద్ద పక్షి తల ముదురు బూడిద రంగులో ఉండి, మెడ వద్ద సన్నని నల్లని పట్టీతో ముగుస్తుంది. ముక్కు నలుపు, దాని కొన మాత్రం పసుపు. కంటి చుట్టూ ఎర్రని వలయం ఉంటుంది. తోక తెల్లగా ఉండి, మధ్యలో కొద్దిగా లోపలికి నొక్కినట్లు ఉంటుంది.

ఆ ఏడాది పుట్టిన పిల్ల పక్షుల రూపం వేరు. వాటి వీపు, మెడ వెనుక భాగం, రొమ్ము పక్కలు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. వీపు మీది ఈకలకు లేత అంచులు ఉండటం వలన చేప పొలుసులు పరచినట్లు కనిపిస్తుంది. ముక్కు పూర్తిగా నల్లగా, తోక చివర నల్లని పట్టీతో ఉంటుంది.

పైన చెప్పిన వాటిలో ముక్కు కొన, కంటి వలయం, మెడ పట్టీ వంటి గుర్తులు పక్షి దగ్గరగా వాలినపుడు మాత్రమే ఉపయోగపడతాయి. సముద్రం మీద దూరంగా ఎగిరే పక్షిలో ఇవి కనిపించవు.

రెక్కల పైభాగం

సబీన్ గల్ రెక్క పైభాగం మూడు త్రిభుజాలుగా విభజించబడి ఉంటుంది. మొదటిది నల్లని త్రిభుజం. ఇది మనిషి మణికట్టుతో పోల్చదగిన రెక్క వంపు నుండి రెక్క కొన వరకు ముందు అంచు వెంబడి వ్యాపిస్తుంది. రెండవది తెల్లని త్రిభుజం. దీని అడుగుభాగం రెక్క వెనుక అంచు వెంబడి ఉండగా, కొన రెక్క వంపు వైపు చూస్తుంది. మూడవది శరీరానికి ఆనుకొని ఉన్న త్రిభుజం. పెద్ద పక్షిలో ఇది బూడిద రంగులోను, పిల్ల పక్షిలో గోధుమ రంగులోను ఉంటుంది. రెండు రెక్కల మీది ఈ మూడవ త్రిభుజాలు వీపు రంగుతో కలిసిపోయి, పక్షికి జీను వేసినట్లు కనిపిస్తాయి.

ఈ మూడు భాగాల మధ్య హద్దులు కత్తిరించినట్లు స్పష్టంగా ఉంటాయి. ఒక రంగు నుండి మరొక రంగుకు క్రమంగా మారడం ఉండదు. పెద్ద పక్షిలోను, పిల్ల పక్షిలోను ఈ అమరిక ఒకటే కావడం మరొక విశేషం. చాలా గల్ జాతులలో వయస్సును బట్టి రెక్కల రూపం మారిపోతుంది.

రెక్క కొనలు నల్లగా ఉండటం గల్ పక్షులలో సాధారణం. ఈకలకు నల్లదనాన్ని ఇచ్చే మెలనిన్ అనే పదార్థం వాటిని గట్టిపరచి, త్వరగా అరగకుండా కాపాడుతుంది. ఎగిరేటపుడు ఎక్కువ ఒత్తిడికి గురయ్యేవి బయటి ఈకలే. కాబట్టి నల్లని రెక్క కొన ఒక్కటే ఏ జాతినీ నిర్ధారించలేదు. ఆ నలుపు ఎక్కడ మొదలవుతుంది, దాని పక్కన ఏ రంగు ఉన్నది, తెలుపు రెక్క ముందు అంచున ఉన్నదా లేక వెనుక అంచున ఉన్నదా అన్నవే గుర్తింపుకు అవసరమైన అంశాలు.

దూరం వలన కలిగే మార్పులు

మనిషి కన్ను సాధారణంగా ఒక నిమిషం కోణం, అనగా డిగ్రీలో అరవయ్యవ వంతు కంటె చిన్న వివరాలను వేరుచేసి చూడలేదు. ఒక కిలోమీటరు దూరంలో ఎగిరే సబీన్ గల్ రెండు రెక్కల కొనల మధ్య కోణం సుమారు మూడు నిమిషాలు మాత్రమే. కంటితో చూస్తే అది ఒక చుక్క వలె ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్‌తో చూసినపుడు ఆ కోణం ముప్పై నిమిషాలకు చేరుతుంది. ఇది కంటికి కనిపించే పున్నమి చంద్రుని వెడల్పుతో దాదాపు సమానం.

ఈ లెక్కను పక్షి శరీరంలోని భాగాలకు కూడా వర్తింపజేయవచ్చు. అదే దూరంలో, అదే బైనాక్యులర్‌తో చూసినపుడు 15 సెంటీమీటర్ల వెడల్పు గల తెల్లని భాగం ఐదు నిమిషాల కోణంలో స్పష్టంగా తెలుస్తుంది. మూడు సెంటీమీటర్ల వెడల్పు గల చార ఒక నిమిషం కోణంలో ఉంటుంది. అంటే అది చూపు సామర్థ్యపు అంచున ఉంటుంది. కొద్దిపాటి పొగమంచు ఉన్నా, ఎండవేడికి గాలి చలించినా ఆ చార పక్కనున్న రంగులో కలిసిపోతుంది. సన్నని చారలు మాయమై, వెడల్పైన భాగాలు మాత్రమే మిగలడం వలన రెండు వేర్వేరు జాతుల పక్షులు దూరం నుండి ఒకే విధంగా కనిపిస్తాయి.

వెలుతురు కూడా రంగులను మారుస్తుంది. సూర్యుడు పక్షి వెనుక ఉంటే లేత బూడిద రంగు ముదురుగా కనిపిస్తుంది. నల్లని మేఘాల ముందు ఎగిరే పక్షిలో తెల్లని భాగం ఉన్నదానికంటె పెద్దదిగా తోస్తుంది. నీటి మీద ఒంటరిగా ఎగిరే పక్షి పరిమాణాన్ని అంచనా వేయడం మరింత కష్టం. పోల్చి చూడటానికి పక్కన ఏమీ లేనపుడు 90 సెంటీమీటర్ల రెక్కలకు, ఒక మీటరు రెక్కలకు తేడా తెలియదు. పరిచయమున్న మరొక పక్షి అదే దూరంలో ఉన్నపుడు మాత్రమే పరిమాణాన్ని ఆధారంగా తీసుకోవచ్చు.

పోలిక గల ఇతర జాతులు

కిట్టివేక్: సబీన్ గల్‌గా అత్యధికంగా పొరబడేది కిట్టివేక్ పిల్ల పక్షిని. కిట్టివేక్ ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ సముద్రాలలో విస్తారంగా ఉండే గల్. దీని పిల్ల పక్షికి కూడా నల్లని రెక్క కొన, వెనుక అంచున తెల్లని త్రిభుజం ఉంటాయి. అయితే రెక్క లోపలి భాగంలో రెక్క వంపు నుండి శరీరం వైపు ఏటవాలుగా ఒక నల్లని చార సాగుతుంది. రెండు రెక్కల చారలు, నల్లని కొనలు కలిసి ఆంగ్ల అక్షరం 'డబ్ల్యు' ఆకారం ఏర్పడుతుంది. దూరం ఎక్కువైనపుడు ఈ చార చుట్టూ ఉన్న బూడిద రంగుతో కలిసి ఒకే ముదురు త్రిభుజంగా కనిపిస్తుంది. అపుడు కిట్టివేక్ సరిగ్గా సబీన్ గల్ వలె ఉంటుంది.

ఈ రెండింటినీ వేరుచేయడానికి తల, వీపు భాగాలను చూడాలి. కిట్టివేక్ పిల్ల పక్షి తల తెల్లగా ఉండి, మెడ వెనుక నల్లని అర్ధవలయం ఉంటుంది. వీపు లేత బూడిద రంగులో ఉండి, రెక్క మీది చార కంటె తేలికగా కనిపిస్తుంది. సబీన్ గల్ పిల్ల పక్షిలో మెడ, వీపు, రెక్క లోపలి భాగం అన్నీ ఒకే గోధుమ ఛాయలో ఉంటాయి. ముఖం ముందు భాగంలో మాత్రమే తెలుపు ఉంటుంది. అందువలన దూరం నుండి పక్షి ముందు భాగం మొత్తం ముదురుగా తోస్తుంది. తోక చివరి నల్లని పట్టీ, తోకలోని స్వల్పమైన నొక్కు రెండు జాతుల పిల్ల పక్షులలోను ఉంటాయి కనుక వీటి వలన ప్రయోజనం లేదు.

లిటిల్ గల్: ఇది సబీన్ గల్ కంటె చిన్నది. దీని పిల్ల పక్షికి కూడా 'డబ్ల్యు' ఆకారం ఉంటుంది. అయితే నడినెత్తిన ముదురు రంగు మచ్చ ఉంటుంది. రెక్క వెనుక భాగంలో మసక చార ఉండటం వలన తెల్లని త్రిభుజం సంపూర్ణంగా ఏర్పడదు. పెద్ద పక్షి రెక్కల అడుగుభాగం నల్లగా ఉంటుంది. రెక్కల పైభాగంలో నలుపు ఉండదు.

స్వాలో-టెయిల్డ్ గల్: ఈ పక్షి ప్రధానంగా గాలపాగోస్ దీవులలో గూళ్ళు పెడుతుంది. దీని రెక్కల మీద కూడా సబీన్ గల్‌లో వలెనే నలుపు, తెలుపు, బూడిద రంగుల త్రిభుజాలు ఉంటాయి. కానీ ఇది చాలా పెద్దది. పొడవు 50 సెంటీమీటర్లకు పైగా, రెక్కల విస్తీర్ణం 120 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. పెరూ తీర సముద్రంలో ఈ రెండు జాతులూ కనిపిస్తాయి. ఇక్కడ తెల్లని త్రిభుజాన్ని స్పష్టంగా చూసినప్పటికీ జాతిని నిర్ధారించడం సాధ్యం కాదు. పరిమాణాన్ని, తల ఆకారాన్ని కూడా గమనించాలి. రెక్కల పోలికను బట్టి ఈ రెండూ దగ్గరి బంధువులని పూర్వం భావించారు. డి.ఎన్.ఎ. పరిశీలనలలో సబీన్ గల్‌కు దగ్గరి బంధువు పూర్తిగా తెల్లగా ఉండే ఐవరీ గల్ అని తేలింది.

నల్ల తల గల్, గోధుమ తల గల్: భారతదేశపు తీరాలలో శీతాకాలంలో సాధారణంగా కనిపించే గల్ పక్షులు ఇవి. ఆంధ్రప్రదేశ్‌లో పులికాట్ సరస్సు, కాకినాడ తీరం వంటి చోట్ల వీటిని చూడవచ్చు. వీటి రెక్కలలో కూడా తెలుపు, నలుపు భాగాలు ఉంటాయి. కానీ అమరిక సబీన్ గల్‌కు భిన్నంగా ఉంటుంది. నల్ల తల గల్‌లో రెక్క బయటి భాగపు ముందు అంచు తెల్లగా ఉంటుంది. గోధుమ తల గల్‌లో నల్లని రెక్క కొన మీద తెల్లని మచ్చలు, దానికి లోపలి వైపు తెల్లని పట్టీ ఉంటాయి. సబీన్ గల్‌లో ముందు అంచు నలుపు, వెనుక అంచు తెలుపు. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకొంటే ఈ రెండు జాతులతో పొరబడే అవకాశం చాలా వరకు తగ్గుతుంది.

ఎగిరే తీరు

సబీన్ గల్ తేలికగా, టెర్న్ పక్షిని తలపించే విధంగా ఎగురుతుంది. అలలకు కొద్ది ఎత్తులో సాగుతూ, నీటి మీద తేలే ఆహారాన్ని ముక్కుతో అందుకుంటుంది. కిట్టివేక్ రెక్కలు కొంత బిగుసుగా కనిపిస్తాయి. బలమైన గాలిలో అది ఎత్తుకు లేచి, వంపు తిరిగి కిందికి దిగుతూ సాగుతుంది. అయితే గాలివేగాన్ని, దిశను బట్టి ఏ పక్షి అయినా ఎగిరే తీరును మార్చుకుంటుంది. అందుచేత ఎగిరే తీరును ఇతర గుర్తులకు తోడుగా మాత్రమే పరిగణించాలి.

వలస, కనిపించే కాలం

సబీన్ గల్ అలాస్కా, ఉత్తర కెనడా, గ్రీన్‌లాండ్, సైబీరియాలలోని తుండ్రా మైదానాల చిత్తడి నేలలలో నేల మీద గూడు పెడుతుంది. సాధారణంగా రెండు లేక మూడు గుడ్లు పెడుతుంది. శీతాకాలానికి ముందు భూమధ్యరేఖను దాటి దక్షిణానికి వలస పోతుంది. పసిఫిక్ మార్గంలో వెళ్ళే పక్షులు పెరూ తీరంలోని హంబోల్ట్ ప్రవాహం వద్ద, అట్లాంటిక్ మార్గంలో వెళ్ళేవి ఆఫ్రికా నైరుతి తీరంలోని బెంగ్వెలా ప్రవాహం వద్ద గడుపుతాయి. ఈ చల్లని ప్రవాహాలలో చిన్న చేపలు, ఇతర సముద్ర జీవులు సమృద్ధిగా ఉంటాయి. కెనడా ఆర్కిటిక్‌లోని ఒకే స్థావరంలో గూళ్ళు పెట్టిన పక్షులలో కొన్ని పసిఫిక్‌కు, కొన్ని అట్లాంటిక్‌కు వెళుతున్నట్లు వాటికి అమర్చిన చిన్న పరికరాల ద్వారా 2016లో ప్రచురితమైన పరిశోధన తెలియజేసింది.

వలస మార్గం నడి సముద్రం మీద ఉండటం వలన, పశ్చిమ ఐరోపా తీరాలలో ఈ పక్షి ప్రధానంగా శరదృతువులో తుపానుల తరువాత కనిపిస్తుంది. 1987 అక్టోబరులో దక్షిణ ఇంగ్లాండును తాకిన భీకర తుపాను తరువాత సబీన్ గల్ పక్షులు అసాధారణ సంఖ్యలో తీరానికి, లోతట్టు జలాశయాలకు కొట్టుకొని వచ్చాయి. భారతదేశంలో ఈ పక్షి అత్యంత అరుదు. 2013లో కేరళ తీరంలో ఒక పక్షి కనిపించింది.

ఈకలు రాల్చే కాలం కూడా గుర్తింపుకు సహకరిస్తుంది. చాలా గల్ పక్షులు శరదృతువులో ఈకలన్నింటినీ మార్చుకొంటాయి. సబీన్ గల్ పెద్ద పక్షి ఈ పనిని వసంత వలసకు ముందు దక్షిణ ప్రాంతంలో చేస్తుంది. పిల్ల పక్షి కూడా దక్షిణానికి చేరే వరకు తన గోధుమ రంగు ఈకలను వదలదు. కనుక అక్టోబరు నెలలో ఉత్తర అట్లాంటిక్ తీరంలో తోక చివర నల్లని పట్టీ, శుభ్రమైన లేత బూడిద రంగు వీపు గల పిల్ల పక్షి కనిపిస్తే, దూరం నుండి దాని రెక్క మీద త్రిభుజం ఉన్నట్లు తోచినా, అది కిట్టివేక్ అయ్యే అవకాశమే ఎక్కువ.

పరిశీలనను నమోదు చేయడం

అరుదైన పక్షి కనిపించిందన్న సమాచారం తరువాతి కాలంలో ఆ జాతి వ్యాప్తిని తెలిపే పటాలలోకి, పుస్తకాలలోకి చేరుతుంది. సాధారణ పక్షుల విషయంలో ఒక పొరపాటు వేల పరిశీలనల మధ్య కలిసిపోతుంది. ఒక ప్రాంతంలో ఒకటి రెండు సార్లు మాత్రమే నమోదైన పక్షి విషయంలో ఒక్క పొరపాటు మొత్తం చిత్రాన్నే మార్చివేస్తుంది. ఒకసారి తప్పుగా నమోదైతే, తరువాత చూసినవారు కూడా ఆ పక్షి అక్కడ వస్తుందని నమ్మి అదే పొరపాటును మళ్ళీ చేసే ప్రమాదం ఉన్నది. ఈ కారణం చేతనే అరుదైన పక్షుల సమాచారాన్ని పరిశీలించే సంఘాలు పలు దేశాలలో ఏర్పడ్డాయి. బ్రిటన్‌లో ఇటువంటి సంఘం 1959లో ఏర్పడింది. 2002లో అమెరికాలో ప్రారంభమైన ఈబర్డ్ వెబ్‌సైటులో కూడా అసాధారణ నమోదులను స్థానిక సమీక్షకులు పరిశీలిస్తారు. భారతదేశ పక్షుల స్థితిగతులపై 2020, 2023 సంవత్సరాలలో వెలువడిన నివేదికలు ఇందులో సామాన్య పరిశీలకులు నమోదు చేసిన వివరాల మీదనే ఆధారపడ్డాయి.

దూరం నుండి ఎగిరే గల్‌ను చూసినపుడు ఈ క్రింది వివరాలను పుస్తకం తెరవక ముందే వ్రాసుకోవడం మంచిది. పుస్తకంలోని బొమ్మను చూసిన తరువాత, చూడని గుర్తులు కూడా చూసినట్లు అనిపించడం సహజం.

* పక్షి దూరం, చూసిన సమయం, సూర్యుడు ఉన్న దిక్కు, గాలి దిశ
* తెలుపు రెక్క ముందు అంచున ఉన్నదా, వెనుక అంచున ఉన్నదా
* రెక్క లోపలి భాగం ఒకే రంగులో ఉన్నదా, లేక ఏటవాలు చార ఉన్నదా
* వీపు, మెడ, రెక్క లోపలి భాగం ఒకే ఛాయలో ఉన్నాయా
* తల తెల్లగా ఉన్నదా, ముదురుగా ఉన్నదా
* సమీపంలో ఉన్న ఇతర పక్షులతో పోల్చినపుడు పరిమాణం
* స్పష్టంగా చూడలేకపోయిన భాగాలు

ఛాయాచిత్రాలు తీసేటపుడు ఒకటి కాక వరుసగా అనేకం తీయాలి. రెక్క కిందికి వంగినపుడు, పైకి లేచినపుడు త్రిభుజాల ఆకారం మారుతుంది. కెమెరాలోకి వెలుతురు ఎక్కువగా చేరితే తెల్లని భాగం విస్తరించి, పక్కనున్న సన్నని చారను కప్పివేస్తుంది. అటువంటి చిత్రంలో కిట్టివేక్ కూడా సబీన్ గల్ వలె కనిపించవచ్చు.

తెల్లని త్రిభుజాన్ని మాత్రమే చూసి, తల, వీపు భాగాలను చూడలేకపోయినపుడు ఆ పక్షిని జాతి నిర్ధారణ కాని గల్‌గా నమోదు చేయడం సరైన పద్ధతి. అటువంటి నమోదుకు కూడా విలువ ఉంటుంది. ఆ రోజున ఆ తీరంలో ఒక గల్ వెళ్ళిందన్న విషయం అందులో నిజంగానే మిగులుతుంది.

పరిరక్షణ స్థితి

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి సబీన్ గల్‌ను తక్కువ ఆందోళన కలిగించే జాతుల వర్గంలో చేర్చింది. అయితే ఈ పక్షి గూళ్ళు పెట్టే ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కంటె వేగంగా వేడెక్కుతున్నది. తుండ్రాలోని చిత్తడి నేలలలో, సముద్ర ప్రవాహాలలో కలిగే మార్పులు ఈ జాతిపై ప్రభావం చూపగలవు. నడి సముద్రంలో చెదిరి ఉండే పక్షులను లెక్కించడం కష్టం కనుక, తీరాల నుండి చేసే పరిశీలనలు, అవి కొద్దిపాటివైనా, ఖచ్చితంగా ఉండటం అవసరం.